గోడ పత్రికకి పిల్లలు సొంతంగా రాయాలంటే ఏం చేయాలి? (జడ్పీ హైస్కూల్, 8వ తరగతి)

తంగేడు టీచర్

అందరికీ నమస్తే. నేను జడ్పీ హైస్కూల్‌లో తెలుగు చెప్తాను, నారాయణపేట దిక్కు ఒక ఊరు, ఈ బడికి వచ్చి రెండో ఏడు. 8వ తరగతిలో 34 మంది ఉన్నరు. జూలైలో వాళ్ళతో గోడ పత్రిక మొదలుపెట్టినం. ఆఫీస్ రూమ్ పక్కన వరండాలో పాత నోటీస్ బోర్డ్ ఒకటి ఊరికే ఉంటే పిల్లలే దానికి కలర్ పేపర్ అంటించి, చుట్టూ చమ్కీ బోర్డర్ వేసి, పేరు కూడా ఓట్లు వేసుకుని "తంగేడు" అని పెట్టుకున్నరు. అంత ఉత్సాహం చూసి నాకు ఆ రోజు నిజంగా కడుపు నిండినట్టు అయింది.

మొదటి నెలకే 31 కాగితాలు వచ్చినయ్. ఇంటికి తెచ్చుకుని రాత్రి అన్నం తిన్నాక కూర్చుని చదివితే 11 మంది "నీరు ప్రాణాధారం", 6 మంది "సెల్‌ఫోన్ లాభాలు - నష్టాలు", ఇంక మిగతావన్నీ వాట్సాప్‌లో తిరిగే అమ్మ కవితలు, కుందేలు తాబేలు కథలు. పిల్లల్ని తప్పు పట్టట్లేదు నేను. మన పాఠాల వెనక "వ్యక్తీకరణ - సృజనాత్మకత" అని ఉంటది కదా, కవిత రాయండి, కథ రాయండి, ఇంటర్వ్యూకి ప్రశ్నలు తయారుచేయండి అని, గైడ్‌లో వాటన్నిటికీ జవాబులు అచ్చేసి ఉంటయి, పిల్లలు ఆ కవితనే బట్టీ పట్టి పరీక్షలో దించుతరు, మనమే మార్కులు వేస్తం. వాళ్ళకి సృజనాత్మకత అంటే గైడ్‌లో ఫలానా పేజీ. బొమ్మలు కూడా అంతే, రెండు కొండలు, మధ్యల సూర్యుడు, ఒక గుడిసె, కొబ్బరి చెట్టు, కింద ఏరు. మా ఊర్ల చుట్టూ పత్తి చేన్లు, కంది చేన్లు. ఏరు లేదు.

అందులో ఒక్కటి మాత్రం వేరేగా ఉంది. ఒక పాప రాసింది, వాళ్ళ అమ్మానాయన బొంబాయిలో పనికి పోయిన్రు (మా దిక్కు వలస పోయే ఇండ్లు ఇప్పటికీ ఉన్నయ్, దసరా దీపావళి అయినంక బస్సులు నిండిపోతయి), ఈ పాప అవ్వ దగ్గర ఉంటది. నాలుగే వాక్యాలు:

"మా అవ్వకు బీపీ గోళీలు నేనే ఇస్త. పొద్దుగాల తెల్ల గోళి, రాత్రి గులాబి గోళి. అవ్వకు చదువు రాదు గనుక రంగు చూపెట్టి చెప్పిన. అమ్మ ఫోన్ జేస్తే ముందుగాల నా చదువు అడగదు, గోళి ఏసుకుందా అనే అడుగుతది."

నేను దీన్ని బోర్డ్ మధ్యలో పెట్టిన. పెట్టే ముందు చేసిన పని చెప్పకపోతే నా ప్రశ్న అర్థం కాదు, "ఇస్త" కొట్టేసి "ఇస్తాను" అని, "ఏసుకుందా" కొట్టేసి "వేసుకుందా" అని ఎర్ర పెన్నుతో దిద్దిన. అలవాటుగా చేయి పోయింది. ఇంటర్వెల్‌లో 9వ తరగతి పిల్లలు అది చదివి "గోళి, గోళి" అని నవ్విన్రంట, స్టాఫ్‌లో ఒకరు కూడా ఇదేం భాష అన్నరు. బెల్ కొట్టేసరికి ఆ కాగితం లేదు, పాపే చింపి సంచిలో పెట్టుకుంది. రెండో నెల "చెట్లు నాటుదాం" అని గైడ్‌లోది రాసి ఇచ్చింది.

నాకు ఏం చేయాలో తోచట్లేదు. వాళ్ళ సొంతది వాళ్ళతో రాయించేది ఎట్ల, రాసినంక దాన్ని గోడ మీద పెట్టొచ్చా లేదా, భాష దిద్దాలా వద్దా. ఈ మూడూ నాకు ఒకటే ప్రశ్నలాగ అనిపిస్తున్నయ్. మీ బడుల్లో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

---

లంకల మాస్టారు

అమ్మా, నేను రిటైరయి పదేళ్ళు దాటిందండి, సోషల్ మాస్టార్ని, సర్వీసులో ఎక్కువ భాగం కోనసీమ లంక ఊళ్ళలోనే గడిచింది. మీ పోస్టు పొద్దున్న చదివాను, సాయంత్రం దాకా ఆ గోళీలే గుర్తొస్తున్నాయి.

నాకు ఈ సంగతి మొదట తెలిసింది 1986 వరద తర్వాత. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి వచ్చింది, మా లంకలన్నీ మునిగాయి, బడి తెరిచాక 7వ తరగతికి "వరదలు" అని వ్యాసం ఇచ్చాను. నీళ్ళలో రెండు రాత్రులు దాబా మీద గడిపిన పిల్లలండి వాళ్ళు, ఒక్కడు కూడా ఆ మాట రాయలేదు. అందరూ "వరదలు ప్రకృతి వైపరీత్యములలో ఒకటి, వీని వలన అపార ఆస్తి నష్టము కలుగును" అని రాశారు. చూసి నాకు బాధేసింది, కోపం కూడా వచ్చింది, రాత్రంతా ఆలోచిస్తే తప్పు నా ప్రశ్నదే అనిపించింది. వ్యాసం అంటే వాళ్ళకి తెలిసిందే వాళ్ళు రాశారు మరి.

మర్నాడు ఇంకోలా అడిగాను. "నీళ్ళు గుమ్మంలోకి వచ్చేటప్పుడు మీ ఇంట్లో అన్నిటికంటే ముందు ఏం పైకెక్కించారు?" అంతే. పది నిమిషాలు టైమిచ్చాను, క్లాసులోనే. ఒకడు బియ్యం మూట అని రాశాడు, ఒకమ్మాయి పట్టా కాయితాలు ఉన్న రేకు డబ్బా అని. ఒక కుర్రాడు రాసింది ఇప్పటికీ మర్చిపోలేదు, వాళ్ళ నాయనమ్మ గుడ్ల మీద పొదుగుతున్న కోడిని గంప పళంగా అటకెక్కించిందట, కోడి కదిలితే గుడ్లు చల్లారిపోతాయని రాత్రంతా గంప మీద చెయ్యి వేసుకు కూర్చుందట, 11 గుడ్లలో 8 పిల్లలయ్యాయట. ఆ లెక్క వాడే రాశాడు, నేను అడగలేదు.

కాబట్టి నేను చెప్పేది ఒకటేనండి, జవాబు మీకు తెలియని ప్రశ్న అడగండి. నీటి విలువ ఏమిటో మీకు తెలుసని పిల్లలకి తెలుసు, అందుకే మీరు వినాలనుకున్నది రాస్తారు. వాళ్ళింట్లో పొద్దున్న ముందు లేచేది ఎవరో మీకు తెలీదు, గైడుకీ తెలీదు. ఇంటికి మాత్రం ఇవ్వకండి, ఇంటికిస్తే ఫోన్ వచ్చేస్తుంది మధ్యలోకి. వాళ్ళు రాస్తుంటే మీరూ కుర్చీలో కూర్చుని అదే ప్రశ్నకి మీ జవాబు రాయండి, ముందు మీదే చదవండి. ఇది చాలా ముఖ్యం.

బొమ్మలకీ అంతే. కొండలూ సూర్యుడూ వెయ్యొద్దని తిట్టక్కర్లేదు. మా డ్రాయింగు మేష్టారు పిల్లల్ని బడి గేటు బయట కూర్చోబెట్టి ఎదురుగా ఏముంటే అది వెయ్యమనేవారు. ట్రాన్స్‌ఫార్మరు, దాని కింద నీడకి నాలుగు మేకలు, పక్కన పంక్చర్ల కొట్టు. కొబ్బరిచెట్లు మాకు నిజంగానే ఉన్నాయి లెండి.

---

అనంతపురం కుర్రోడు

మేడం, నేను టీచర్ని కాదు, బెంగళూరులో పని చేస్తా. రెండో ప్రశ్నకి మాత్రం నేను చెప్పాల, ఎందుకంటే నాకు జరిగింది.

9వ తరగతిలో మా తెలుగు సారు దసరా సెలవుల్లో డైరీ రాయమన్నాడు. మంచి సారు, కొట్టేవాడు కాదు, అందుకే నమ్మి నిజంగా రాసినా. ఆ సంవత్సరం వానల్లేక చెనక్కాయ ఎండిపోయి మా నాయన ఎద్దుల్ని సంతలో అమ్మేసి వచ్చినాడు. వచ్చి ఎవురితోనూ మాట్లాడకుండా ఎద్దుల్ని కట్టే గాటిపాట్లో ఖాళీ గూటాల దగ్గర కూర్చున్నాడు, నేను గడ్డి వామి వెనక నుంచి చూసినా, తాళ్ళు చుట్టి పక్కన పెట్టి ఏడుస్తా ఉన్నాడు. అది రాసినా. సారుకి ఎంత నచ్చిందంటే సోమవారం ప్రేయర్‌లో మైకులో చదివినాడు. నా పేరు చెప్పి, అందరితో చప్పట్లు కొట్టించినాడు.

సాయంత్రానికల్లా మా క్లాసోళ్ళు నన్ను చూస్తే ఎద్దు అరిచినట్టు అరిచేది మొదలుపెట్టినారు. అది పోనీ, వారంలో ఆగిపోయింది. కానీ మా ఊరి పిల్లోళ్ళ ద్వారా ఆ మాట ఇంటికి పోయింది. మా నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఆ తర్వాత నేను పరీక్షలకి తప్ప ఏమీ రాయలేదు, ఇదే ఇంత పొడుగు రాయడం.

సారు తప్పు చేసినాడని అననూ, ఆయన సంతోషంతోనే చదివినాడు. నన్ను ఒక మాట అడిగింటే వద్దు అని చెప్పేవాణ్ణి, లేదా నాయన పేరు లేకుండా చదవండి అనేవాణ్ణి. మీ పాప చింపుకుంది చూడండి, నాకు అది చదివి ఒక రకంగా ధైర్యం అనిపించింది, తనది తను వెనక్కి తీసుకుంది, నాకు అప్పుడు ఆ అవకాశం కూడా లేదు, మైకులో పోయింది వెనక్కి రాదు.

ఒక పని చేయండి మేడం. కాగితం మామూలుగా ఇస్తే గోడకి, ఒక మడత పెడితే మీకొక్కరికే, రెండు మడతలు పెడితే ఎవురూ చదవకూడదు, రాసుకున్నోళ్ళ దగ్గరే ఉంటుంది, రాసినట్టు మాత్రం లెక్క. ఇట్ల పెట్టింటే నేను ఇంకా రాస్తా ఉండేవాణ్ణేమో.

---

అఖిల వాళ్ళమ్మ

మాది ప్రైవేట్ స్కూల్, 6వ తరగతి పాప. మీ బడిలో పిల్లలే బోర్డ్ తయారుచేసుకున్నారంటే నాకు అసూయగా ఉందండీ. మాకు ప్రాజెక్ట్ అంటే రాత్రి 9 గంటలకి వాట్సాప్ గ్రూపులో మెసేజ్, రేపటికి సౌరకుటుంబం మోడల్ కావాలి అని. స్టేషనరీ షాపులో రెడీమేడ్ థర్మకోల్ మోడల్స్ అమ్ముతారు, చాలామంది అదే కొంటారు, లేకపోతే నేను గమ్ పట్టుకుని కూర్చుంటా. పాప పక్కన నిద్రపోతుంది. పోయిన నెల ఒకసారి కుదరదని చెప్పి దాన్నే చేసుకోమన్నా, గోలీలకి, నిమ్మకాయకి, రేగుపళ్ళకి దారం కట్టి హ్యాంగర్‌కి వేలాడదీసింది, శని చుట్టూ గాజు పెట్టింది. నాకైతే కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు. స్కూల్‌లో నీట్‌గా లేదని 10కి 4 ఇచ్చారు. ఆ రోజు నుంచి మళ్ళీ షాపు మోడలే కావాలంటోంది. మార్కులు వేసేవాళ్ళు ఈ థ్రెడ్ చదువుతుంటే ఒక్క నిమిషం ఆలోచించండి, అంతే చెప్పదలుచుకున్నా.

---

లెక్కల సార్ (శ్రీకాకుళం)

పైన తమ్ముడు రాసింది చదివి చాలాసేపు ఏం రాయలేకపోయాను. మడతల ఐడియా చాలా బాగుంది, ఒక్క చోట మాత్రం జాగ్రత్త మేడమ్. రెండు మడతలంటే ఎవరూ చదవం సరే, ఒక మడత కాగితం మీరు చదువుతారు కదా, "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి. పిల్లలు నమ్మి రాయడం మొదలెడితే ఏదో ఒక రోజు ఇంట్లో కొడుతున్నారనో, ఎవరో చెయ్యి వేస్తున్నారనో కూడా రాస్తారు. అది దాచే విషయం కాదు. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ 24 గంటలూ పనిచేస్తుంది, పైగా లైంగిక వేధింపు సంగతి తెలిసి కూడా చెప్పకపోతే 2012 పోక్సో చట్టం ప్రకారం అదే నేరం. "నీకు మేలు చెయ్యగలిగిన వాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పను" అని ముందే అనండి, పిల్లలకి అర్థమవుతుంది.

సొంతంగా రాయించడం గురించి నాది లెక్కల వైపు నుంచి. మా బడి బయట పంచాయతీ కుళాయి కారుతుండేది, ఏళ్ళ తరబడి. 7వ తరగతికి అనులోమానుపాతం చెప్తూ దాని కింద 20 లీటర్ల బకెట్ పెట్టించాను. నిండటానికి 50 నిమిషాలు పట్టింది. పిల్లలే లెక్కేశారు, గంటకి 24 లీటర్లు, రోజుకి 576, నెలకి 17,280. ఆ అంకె బోర్డు మీద చూసి వాళ్ళే నోరు తెరిచారు. "నీటిని పొదుపు చేయాలి" అని ఏడాదికి నాలుగుసార్లు రాసే పిల్లలు, ఎంత పోతోందో మొదటిసారి చూశారు. మీ సబ్జెక్టులో లేఖ ఉంటుంది కదా, పరీక్షలో ఉత్తుత్తి అడ్రస్‌కి రాస్తారు, ఇది నిజం లేఖ, పంచాయతీ కార్యదర్శికి. మా క్లాసు గుంట ఒకర్తి పుస్తకంలో ఉన్నట్టే "పై విషయమును తమ దృష్టికి తెచ్చుచున్నాము" అని మొదలెట్టి చివర తన మాటల్లో "నమ్మకపోతే మీరే ఒకసారి వచ్చి బకెట్ పెట్టి చూడండి, మేం ఇక్కడే ఉంటాం" అని రాసింది. పదో రోజున మనిషి వచ్చి వాషర్ మార్చాడు. ఆ లేఖ జిరాక్స్ ఇప్పటికీ మా క్లాసులో అంటించి ఉంది. చదివేవాడు ఒకడున్నాడని తెలిస్తే పిల్లల రాత మారిపోతుంది, ఇది నేను కళ్ళతో చూశాను.

బాలల సైన్స్ కాంగ్రెస్‌కి కూడా ఇలాంటివే అడుగుతారు, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు, ఊళ్ళో సమస్య, సొంత సర్వే. కేంద్రం పిల్లల సైన్స్ ఐడియాలకి ఇచ్చే ఇన్‌స్పైర్ అవార్డుకి ఎంపికైతే పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి, కానీ దానికి వచ్చే ఐడియాలు ఎక్కువగా యూట్యూబ్‌వే. ముందు కుళాయి దగ్గర మొదలుపెడితే ఐడియా అదే వస్తుంది. టైం ఎక్కడిది అంటారేమో, ఎఫ్ఏల్లో (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్లలో) ప్రతిస్పందనలకీ ప్రాజెక్టులకీ ఎలాగూ మార్కులున్నాయి, ఇదే అక్కడ వేసుకోండి, వేరే పని కాదు. జాతీయ విద్యా విధానం 2020లో 6 నుంచి 8 తరగతుల మధ్య ఎప్పుడైనా 10 రోజులు సంచుల్లేకుండా వడ్రంగి, కుమ్మరి లాంటి పనివాళ్ళ దగ్గర నేర్చుకోవాలని రాశారు. ఆ రోజుల్లో డ్రిల్లు చేయించి పంపేయకుండా ఊళ్ళోకి తీసుకెళ్ళండి.

భాష గురించి. మేం ఇక్కడ ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతి చేస్తాం, మాది ఆయన పుట్టిన జిల్లా కూడాను. పర్లాకిమిడిలో రాజావారి బడిలో పంతులుగా ఉంటూ ఆయన సవర గిరిజన పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడి నడిపారు. వ్యావహారిక భాష గొడవ అంతా ఆ తర్వాత సంగతి. అంటే ఆయన ముందు విన్నది పిల్లల మాట. "ఇస్త" తప్పెలా అవుతుంది మేడమ్, ఆ ఎర్రగీత మీరు తిరిగి కొట్టేయాలి.

---

లంకల మాస్టారు

లెక్కల మాస్టారితో నూరుపాళ్ళూ ఏకీభవించలేనండి. గోడ మీద "ఇస్త" ఉండాలి, నేనూ ఒప్పుకుంటాను. పరీక్ష పేపరు దిద్దేవాడు వేరే ఊరివాడు, వాడు మార్కు కోస్తే నష్టపోయేది పిల్లే. రెండూ నేర్పాలి. గోడకి నీ మాట, పరీక్షకి పుస్తకం మాట, రెండిటికీ తేడా తెలిసి రాయడం వేరు, ఒకటి సిగ్గుపడి దాచుకోవడం వేరు.

---

లెక్కల సార్ (శ్రీకాకుళం)

సిగ్గుపడకూడదు అన్న చోట మనిద్దరం ఒకటే మాస్టారూ. పరీక్ష మాట కూడా మీరన్నది నిజమే, నేను అంతదూరం ఆలోచించలేదు.

---

తంగేడు టీచర్

అందరికీ చేతులెత్తి దండం. మూడు వారాలు అయింది, ఏం జరిగిందో చెప్దామని వచ్చిన.

ముందు ఆ పాపతో మాట్లాడిన. స్టాఫ్ రూమ్‌కి పిలవలేదు, మధ్యాహ్న భోజనం అయినంక చేతులు కడుక్కునే కాడ పక్కన నిలబడి, "నీ మాటలు నేను దిద్దినా కదా, అది నేను చేసిన తప్పు బిడ్డా, నీవి సక్కగనే ఉండె" అన్న. నా మొఖం చూడలే. "కాగితం ఉందా, పారేసినవా" అంటే "ఉంది మేడం" అన్నది. అంతే, ఇంకేం అడగలేదు.

మాస్టారు చెప్పినట్టు జవాబు తెలియని ప్రశ్న అడిగిన: ఇంటి నుంచి బడికి వచ్చే దారిల ఎక్కడ ఆగుతరు, ఎందుకు. నేను కూడా రాసిన, బస్సు దిగినంక మా అమ్మకి ఫోన్ చేసే చింతచెట్టు గురించి, ముందు నాదే చదివిన. మడతల పద్ధతి చెప్పిన, లెక్కల సార్ చెప్పిన మాట కూడా కలిపి చెప్పిన. 34 మందిలో 29 మంది ఆ రోజు ఉన్నరు. 13 కాగితాలు మడత లేకుండా వచ్చినయ్, 9 ఒక మడత, 7 రెండు మడతలు. రెండు మడతలవి ముట్టుకోలేదు, ఎవరివి వాళ్ళకే ఇచ్చేసిన. ఒక మడతవాటిలో ఒకటి చదివి హెచ్ఎం మేడం దగ్గరికి పోవాల్సి వచ్చింది, ఆ సంగతి ఇక్కడ రాయను, కానీ సార్ ముందే చెప్పకపోయి ఉంటే నాకు ఆ రోజు ఏం చేయాలో తెలిసేది కాదు.

గోడ మీద పెట్టినవాటిలో ఒకటి, వాడిని అడిగే ఇక్కడ రాస్తున్న. "ఆదివారం అమ్మతోని పత్తి ఏరనీకె పోయిన. కిలోకు 10 రూపాయలు. నేను 23 కిలోలు ఏరిన, అమ్మ 61. పత్తికాయ మొన ఏలికి గుచ్చుకుంటది. సోమారం బడికి వచ్చేటప్పుడు ఆ చేను కాడ ఆగిన. మేము ఏరిన సాలు ఎక్కడిదాక అయ్యిందో చూసిన." పక్కన బొమ్మ కూడా వేసిండు, చేను, ఒక సగం తెల్లగ, ఒక సగం ఉత్త కట్టె రంగు. కొండలు లెవ్వు. 9వ తరగతి పిల్లలు చదివిన్రు, ఈసారి నవ్వలే, ఒకడు "61 కాదురా మా అమ్మ 70 ఏరుతది" అన్నడు, దాని మీద పెద్ద పంచాయితీ అయింది వరండాల. పెద్ద పరీక్షలు దగ్గరికొస్తే మాస్టారు చెప్పినట్టు పుస్తకం మాట కూడా నేర్పుత, ఇద్దరి మాటా పెట్టుకున్న.

వచ్చే శనివారం ఊర్ల మగ్గం నేసే ఒక పెద్దాయన దగ్గరికి 15 మందిని తీస్కపోతున్న, నారాయణపేట చీరలు నేస్తడు, పిల్లలు ప్రశ్నలు రాసుకుంటున్నరు, మొదటి ప్రశ్న "మీ మోకాళ్ళు నొస్తయా" అని పెట్టిన్రు. హెచ్ఎం మేడం ఒప్పుకున్నరు.

ఆ పాపది ఒక మడత. దారిల మెడికల్ షాపు కాడ ఆగుతదంట, గోళీల అట్ట అయిపోయే రెండు రోజుల ముందు. ఇంకా ఉంది, అది నాకొక్కదానికే రాసింది. నిన్న సాయంత్రం వెళ్ళేటప్పుడు వచ్చి "మేడం పాతది మళ్ళ పెట్టొచ్చునా, గమ్ తోని అతికించిన" అని అడిగింది. ఎర్ర పెన్ను ఉన్న చోట్ల తెల్ల కాగితం ముక్క అంటించి మళ్ళీ "ఇస్త" అనే రాసుకొచ్చింది.